పిలకల షరతు

వరదప్ప ఆ పచ్చపెట్టెను తుండుగుడ్డలో చుట్టుకొచ్చి, చంటిబిడ్డను దించినట్టు అంబిక బల్లమీద దించాడు. తళి నుంచి హోసూరు దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకునే వచ్చినట్టున్నాడు, చొక్కా ముందువైపంతా నలిగిపోయి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. టీ తెప్పిస్తానంటే వద్దన్నాడు. టీ వద్దనే మనిషి కాదు వరదప్ప.

సంగతేమిటంటే, నాలుగు రోజులుగా తళిలో తెల్లవారుజామున మంచు దట్టంగా పడుతోంది. ఆయనకు గులాబీ షెడ్లు రెండున్నాయి. ప్లాస్టిక్ కప్పిన ఆ షెడ్లలో సన్నటి నీటి తుంపర ఎప్పుడు వదలాలో ఎప్పుడు ఆపాలో చూసుకోవడం, తొట్టిలో నీళ్ళైపోతే చెప్పడం ఇలాంటి పెట్టెల పని. పాత షెడ్డులో ఉన్నది అంబిక తన చేత్తో చేసిచ్చిన పెట్టె. దానికి రెండు మీటలున్నాయి. షెడ్డులో పనిచేసే కెంపమ్మ పొద్దున్నే మంచు చూసి ఆ మీటలతో తుంపర తగ్గించుకుంటుంది. కొత్త షెడ్డులోది ఈ పచ్చపెట్టె, షెడ్డు కట్టిన కంపెనీవాళ్ళే బిగించిపోయారు. దీనికి మీటలూ లేవు, మాట వినడమూ లేదు. షెడ్డంతా మంచుకు తడిసి కారుతున్నా గడియారం చూసుకుని మళ్ళీ తుంపర కొట్టింది. రెండు వరసల మొగ్గలకు బూడిదరంగు బూజు పట్టింది. ఫిబ్రవరి కోత దగ్గరికొచ్చేసింది. కంపెనీకి ఫోన్ చేస్తే, సెట్టింగు మార్చే వీలు రైతుకు ఉండదనీ, తమ మనిషి వచ్చే వారం వస్తాడనీ చెప్పారట.

“పాత దాని మాదిరే దీన్నీ చేసిపెట్టు అంబికమ్మా,” అన్నాడు వరదప్ప. “రెండు మీటలు పెడితే చాలు. ఇంగ కెంపమ్మ చూసుకుంటాది.”

బాగలూరు రోడ్డులో హనుమంతయ్య షాపు అది. మోటార్లకు ప్యానల్ బోర్డులు కట్టడం అక్కడి పని, పాడైనవాటిని బాగుచెయ్యడం అంబిక పని. తొమ్మిదేళ్ళుగా ఆ కిటికీ పక్క బల్ల ఆమెదే. పెట్టెకు కరెంటిచ్చింది. తొట్టి వైరు తగిలించలేదు కాబట్టి నీళ్ళు లేవనుకుని పెట్టె ఎర్రదీపం వెలిగించడం మొదలుపెట్టింది. నిదానంగా మూడుసార్లు, కాస్త ఆగి ఒకసారి పొడుగ్గా.

అంబిక చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

ఆ మూడూ ఒకటీ ఎక్కడివో ఆమెకూ కెంపమ్మకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. నాలుగేళ్ళ కిందట, చదువురాని కెంపమ్మకు తెరమీద అక్షరాలు పనికిరావని తేలాక, ఇద్దరూ తొట్టిగట్టు మీద కూర్చుని కుదుర్చుకున్న గుర్తు అది. ఈ వయసులో నాకు కన్నుకొట్టేది ఇదొక్కటే అని కెంపమ్మ నవ్వింది కూడా.

ఆ గుర్తు ఇందులో ఉందంటే పెట్టెను నడిపేది తను రాసిన ప్రోగ్రామే. లోపలికి వెళ్ళి చూద్దామంటే పెట్టె పాస్‌వర్డ్ అడిగింది. ఇంకో దారిన పోతే అక్కడా తాళమే. తను రాసిన ప్రోగ్రాం ముందు తనే పరాయిదానిలా నిలబడాల్సి వచ్చింది. వరదప్ప సంచిలోంచి పెట్టెతో ఇచ్చిన పుస్తకం తీసిచ్చాడు. దాని చివరిపేజీలో ఆవగింజలంత అక్షరాల్లో ఆమె పేరుంది. ఈ ప్రోగ్రాంను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, ఈ నాలుగు మాటలూ నా పేరూ మాత్రం ఉంచండి అని నాలుగేళ్ళ కిందట ఆమే పెట్టిన లైసెన్సు. వాళ్ళు ఉంచారు. ఒక్క అక్షరం తప్పకుండా ఉంచారు.

“నీ పేరే ఉండాది గదా. నువ్వే తెరువు మల్ల,” అన్నాడు వరదప్ప.

“తెరవలేనన్నా.”

ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యేటట్టు చెప్పడం అంబికకూ చేతకాలేదు. దొంగతనమైతే నోరారా తిట్టవచ్చు, ఇది దొంగతనం కాదే. తీసుకోండి అని రాసిచ్చింది తనే. ప్రోగ్రాంను ఇంటర్నెట్‌లో పెట్టిననాడు లైసెన్సులు రెండు కనబడ్డాయి. ఒకటి అర పేజీ, ఇంకోటి పన్నెండు పేజీలు. పొడుగు కాగితాలమీద వేలిముద్రలు వేసి ఎకరాలకెకరాలు పోగొట్టుకున్న ఊళ్ళలో పుట్టిన మనిషి ఆమె. పొట్టి కాగితమంటే నిజాయితీ, పొడుగు కాగితమంటే మోసం అని ఆ ఊళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. పొడుగుదాన్ని చదవనైనా చదవకుండా పొట్టిదాన్ని ఎంచుకుంది.

వరదప్పను పంపించేశాక ఒళ్ళు మండిపోయింది. దీపావళి నుంచి ఆమె కొత్త ప్రోగ్రాం ఒకటి నడిపి చూస్తోంది. గాలిలో తేమ, ప్లాస్టిక్ చల్లదనం రెండూ చూసి, మంచు ఎప్పుడు నీటిబొట్లుగా మారుతుందో ముందే పసిగట్టి తుంపర తనంతట తానే ఆపేస్తుంది. వరదప్ప షెడ్డు బూజుకు మందు అదే. తళి చుట్టుపక్కల పదకొండు షెడ్లలోని తన పెట్టెల్లో అది నడుస్తోంది, బయట ఇంకా పెట్టలేదు. ఇక పెట్టను కూడా అనుకుంది. అంతటితో ఊరుకోలేదు. షాపు మూసేలోగా ఫోన్‌లోంచే ఆ పదకొండు పెట్టెలకూ నెంబరు తాళం వేసింది. ఇప్పుడు తీసుకోండి చూద్దాం అని గట్టిగానే అంది. హనుమంతయ్య తలెత్తి చూసి, మళ్ళీ తన బోర్డు బిగించుకున్నాడు.

*

మర్నాడు గోకుల్ వచ్చాడు. ఒకప్పుడు అదే షాపులో అంబిక పక్క స్టూలుమీద కూర్చుని సోల్డరింగ్ నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఆ పచ్చపెట్టెల కంపెనీలో ఇంజినీరు. మెడలో కార్డు వేలాడుతున్నా వస్తూనే చెప్పులు బయట విడిచాడు, ఆ అలవాటు పోలేదు. వరదప్ప ఫిర్యాదు వాళ్ళకు చేరింది. ఒక్క వరదప్పే కాదు, మంచు పడిన ప్రతిచోటా బూజే. అంబిక కొత్త ప్రోగ్రాం సంగతి కూడా రైతుల నోట వాళ్ళు విన్నారు.

గోకుల్ తిరకాసు లేకుండానే మాట్లాడాడు. పాతది ఇచ్చినట్టే దీన్నీ పొట్టి లైసెన్సు కింద బయట పెట్టమన్నాడు. ఈసారి పేరు చివరిపేజీలో కాదు, పెట్టె తెరమీదే వేస్తారట. కంపెనీలో ఆమెకు ఉద్యోగం కూడా చూసిపెట్టారు. శుక్రవారం తళిలో రైతుల మీటింగు, అక్కడ అందరి ముందూ చెబితే బాగుంటుందన్నాడు.

“నా ప్రోగ్రాంకి నాకే తాళం వేసినారు గదా గోకుల్,” అంది అంబిక.

“తాళం వేసింది మావాళ్ళే, నేను కాదనను. అయితే ఒకటి చెప్పు అక్కా. నువ్వు ఏ షరతూ లేకుండా ఇచ్చినావు గాబట్టే నాలుగు వందల షెడ్లకి పోయింది. షరతు పెట్టుంటే మావాళ్ళు తాకేవాళ్ళే గాదు. ఈ బల్లమీద పదకొండు పెట్టెలతోనే ఉండిపోయేది. యాది మేలు?”

అంబికకు ఆ ప్రశ్నే ఎక్కువ మండింది. వాడి మాటలో నిజముంది, ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని వాడు అడిగేది మాత్రం ఆమె గొంతులో దిగడం లేదు. ఇయ్యను పో అంది. మళ్ళీ తమ్ముడి వరసైనవాణ్ణి అలా అన్నందుకు బాధపడి, టీ తాగి పొమ్మంది.

టీ తాగి, గోకుల్ హనుమంతయ్య బల్లవైపు చూశాడు. ఆ పొడుగాటి బల్లంతా కంపెనీ ఆర్డరిచ్చిన ప్యానల్ బోర్డులే. ఇది కుదరకపోతే పైవాళ్ళు ఏమంటారో తన చేతిలో లేదన్నాడు. బెదిరింపు కాదు, నిజంగానే నొచ్చుకుంటూ అన్నాడు. హనుమంతయ్య ఆ మాట వినిపించుకోనట్టు స్పానరు వెతుక్కున్నాడు. స్పానరు ఆయన చేతిలోనే ఉంది.

*

గురువారం తెల్లవారుతూనే వరదప్ప ఫోన్ చేశాడు. పాత షెడ్డు పెట్టె కూడా నెంబరు అడుగుతోందట. తను తాళం వేసిన పదకొండులో అదీ ఒకటని అంబికకు అప్పుడు తట్టింది. తాళం తియ్యడానికి ఇంకా మనసొప్పక, ముందు చూసొద్దామని మొదటి బస్సుకే తళికి బయలుదేరింది.

మంచు ఇంకా విడలేదు. షెడ్డు పక్కతెర పైకెత్తే చక్రం దగ్గర కెంపమ్మ రెండు చేతులా తిప్పుతూ కనబడింది. కొంగు నడుముకు బిగించి ఉంది, మోచేతుల దాకా తడిసి ఉంది. రాత్రంతా పెట్టె బాగానే చూసుకుంది. అయిదింటికి కెంపమ్మ వచ్చి, మునివేళ్ళతో ప్లాస్టిక్ లోపలివైపు తడిమి చూస్తే బొట్లు కట్టడం మొదలైంది. తూర్పు మూలలో పెట్టెకు అందని చల్లదనం ఒకటుంటుంది, అది ఆమె వేళ్ళకే తెలుసు. నిన్న మంచు లేక మీటతో పనిపడలేదు, ఇవాళ నొక్కబోతే పెట్టె నెంబరడిగింది. ఇక పెట్టెతో పనిలేదని నీళ్ళ వాల్వు కట్టేసి, అప్పటినుంచి తెరలు చేత్తోనే ఎత్తుతోంది. ఒక్క వరస మొగ్గలు మాత్రం తడిసిపోయాయి.

“ఏమమ్మా, నీ పెట్టెకి కూడా పొగరొచ్చింది,” అంది చక్రం ఆపకుండానే. “నన్ను నెంబరు అడుగుతాది. నాకి నెంబర్లొస్తే ఈడ యాల చక్రం తిప్పుతా ఉంటాను?”

“తాళం వేసింది నేనే కెంపక్కా.”

కెంపమ్మ చక్రం వదిలింది. “నా మీదనా?”

“నీ మీద గాదు. కంపెనీవాళ్ళు తీసుకుంటారని.”

“ఆ మీటలు నొక్కేది నేనొక్కదాన్నే గదా. ఇంగ ఎవురి మీద?”

అంబికకు తల ఎత్తబుద్ధి కాలేదు. కంపెనీ తనకు చేసింది తను కెంపమ్మకు చేసింది. అదీ రెండు రోజుల్లోనే. ఆ నిలబడ్డ చోటే ఫోన్ తీసి పదకొండు తాళాలూ తీసేసింది. ఆ తర్వాత ఇంకో చక్రం పట్టుకుని తెర ఎత్తింది. చేతులు మంటపుట్టేదాకా ఇద్దరూ చక్రాలు తిప్పారు.

ఎండ పొడిచాక కెంపమ్మ ఆమెను తన అరెకరం దగ్గరికి తీసుకుపోయింది. చామంతి కోతలైపోయాయి, మొదళ్ళ దగ్గర పిలకలు గుత్తులుగా లేచాయి. అంచెట్టి వైపునుంచి ఒకావిడ పిలకల కోసం బుట్టతో వచ్చి గట్టుమీద కాచుకుని ఉంది. కెంపమ్మ గొంతుక్కూర్చుని, చిన్న గునపంతో వేళ్ళు తెగకుండా పిలకలు లేపి, తడిమట్టితో బుట్టనిండా సర్దింది. బుట్టను ఆవిడ చేతికిచ్చింది గానీ తన పట్టు వదల్లేదు.

“పూలు నీవి, యాడన్నా అమ్ముకో. పిలకలు మాత్రం ఊరికే ఇస్తా ఉండాను. వీట్లోనుంచి వచ్చిన పిలకలు ఎవురన్నా అడిగితే నువ్వూ ఊరికే ఇయ్యాల. ఇచ్చేటప్పుడు ఈ మాట చెప్పి ఇయ్యాల. సరేనా?”

ఆవిడ సరే అంది. అప్పుడు బుట్ట వదిలింది కెంపమ్మ.

తళిలో పుట్టిన అంబిక ఈ మాటలు చిన్నప్పటినుంచీ వింటూనే ఉంది. ఇన్నేళ్ళూ అది ఆడవాళ్ళ మర్యాద అనుకుంది, షరతు అని ఎన్నడూ తోచలేదు. అంచెట్టి ఆవిడ పోయాక, మాట తప్పినవాళ్ళు ఎవరూ లేరా అని అడిగింది. ఉన్నాడంది కెంపమ్మ. చాన్నాళ్ళ కిందట ఒకాయన పిలకలు పట్టుకుపోయి, చేను చుట్టూ కంచె వేసి, అడిగినవాళ్ళందరికీ లేదన్నాడట.

“వాడు మాట తప్పినాడని ఊరంతా తిట్టినారు. నేను తిట్టలే. ఆ పొద్దు పనిలో పడి నేను మాట చెప్పకుండా ఇచ్చినాను. చెప్పకుండా ఇస్తే ఇంగ వాడి ఇష్టం గదా.”

“ఆ మీద ఇయ్యడం మానేయాలని అనిపించలేదా?”

“మానేస్తే మొదళ్ళలోనే కుళ్ళిపోతాయి,” అని కెంపమ్మ గునపానికంటిన మట్టి దులిపింది. “ఇయ్యకుండా ఉండేది గాదమ్మా. చెప్పి ఇచ్చేది.”

తిరుగు బస్సులో అంబిక ఫోన్‌లో ఆ పొడుగు లైసెన్సు తెరిచింది. పన్నెండు పేజీలూ చదివింది. కొన్నిచోట్ల మూడేసిసార్లు చదివింది. అందులో తనకు పనికొచ్చే మాటలు తక్కువ. తన దగ్గర తీసుకున్నవాడి దగ్గర రేపు తీసుకునేవాడు, వాడి దగ్గర ఎల్లుండి తీసుకునేవాడు, వాళ్ళకోసమే ఆ పొడుగంతా. హోసూరులో బస్సు దిగేటప్పటికి ఆమెకు నవ్వొచ్చింది. ఆ పన్నెండు పేజీల మాటనూ కెంపమ్మ బుట్ట వదిలేలోగా చెప్పేస్తుంది.

*

శుక్రవారం వరదప్ప కొత్త షెడ్డు పక్కనే షామియానా వేశారు. నలభైమంది దాకా రైతులొచ్చారు. కంపెనీ పెద్దమనిషి ఒకాయన ముందు వరసలో కూర్చున్నాడు. అంబిక వచ్చిందంటే ఒప్పుకున్నట్టే అనుకుని గోకుల్ మురిసిపోయి మైకు ఆమె చేతికిచ్చాడు. మైకులో మాట్లాడటం ఆమెకు అదే మొదలు.

కొత్త ప్రోగ్రాం ఈ పొద్దే బయట పెట్టానని చెప్పింది. ఎవరైనా తీసుకోవచ్చు. కంపెనీ కూడా తీసుకోవచ్చు, పెట్టెల్లో వేసి అమ్ముకోవచ్చు. అయితే పెట్టె ఎవరికి అమ్మితే వాళ్ళకు ప్రోగ్రాం రాత మొత్తం ఇవ్వాలి, దాన్ని మార్చి మళ్ళీ ఎక్కించుకునే దారి కూడా ఇవ్వాలి. దాంట్లో తాము ఏం కలిపినా అదీ ఇవ్వాలి. తీసుకున్నవాళ్ళు ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఇదే షరతు చెప్పి ఇవ్వాలి.

ముందు వరసలో పెద్దమనిషి గోకుల్‌వైపు చూశాడు. గోకుల్ ఆమె పక్కకొచ్చి మెల్లిగా అన్నాడు. “అక్కా, ఈ షరతుతో మావాళ్ళు తీసుకోరు.”

“తీసుకోవద్దు.” మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది, నలభైమందికీ వినబడింది. “పాతది మీ దగ్గిరే ఉండాది. అది నేనిచ్చిన మాట, వెనక్కి తీసుకోను. దాంతోనే నడుపుకోండి. బూజు కూడా దాంట్లోనే వస్తాది.”

షామియానాలో నవ్వులు లేచాయి. పెద్దమనిషి లేచి కారువైపు నడిచాడు. అంబిక జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి గోకుల్ ముందు పట్టింది. సరే అంటే తీసుకో అంది. వాడు దాన్ని చూశాడు, కారు చూశాడు. తీసుకోలేదు. ఇంతలో వెనకనుంచి వరదప్ప వచ్చి ఆ పెన్‌డ్రైవ్ పట్టుకున్నాడు. అంబిక వదల్లేదు. ఎందుకు వదల్లేదో ఆయనకు వెంటనే తెలిసింది, చామంతి పిలకలు తీసుకోని ఇల్లు ఆ ఊళ్ళో ఏదుంది? “సరేమ్మా, సరే,” అన్నాడు. షామియానా చివర్న నిలబడ్డ కెంపమ్మ కొంగు సర్దుకుని షెడ్డులోకి వెళ్ళిపోయింది.

*

సోమవారానికి ఆర్డరు పోయింది. కంపెనీ వ్యాను వచ్చి, అయినవీ కానివీ బోర్డులన్నీ ఎక్కించుకుని వెళ్ళింది. హనుమంతయ్య సంతకం పెట్టి, ఖాళీ బల్లను గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు. అంబిక తన టూల్స్ సంచిలో వేసుకోసాగింది. ఆయన నోటితో చెప్పించుకోవడం ఎందుకని ఆమె ఆలోచన.

“యాడికి?” అన్నాడు హనుమంతయ్య.

ఆమె ఖాళీ బల్లవైపు చూసింది.

“బయట చూడు. ఆరుమంది పచ్చపెట్టెలు పట్టుకుని నిలబడినారు. లోపల బోర్డు పీకేసి మీటలు పెట్టి నీదే వెయ్యాలంట. నీ బల్లమీద అన్ని పడతాయా? అందుకే దీన్ని తుడిచినాను.” ఇంతసేపు మాట్లాడి అలవాటులేక ఆయన గొంతు సవరించుకున్నాడు. “నాకూ నేర్పియ్యి.”

ఆరు ఇరవై అయ్యాయి. తళి నుంచే కాదు, కృష్ణగిరి నుంచి కూడా మోటారుసైకిళ్ళమీద పెట్టెలు వచ్చాయి. అంబిక వెయ్యడంతో ఊరుకోలేదు, ఎలా వేసుకోవాలో వచ్చినవాళ్ళకు నేర్పి పంపింది. హనుమంతయ్య కళ్ళజోడు ముక్కుమీదికి జార్చుకుని సోల్డరింగ్ చేస్తూనే ఉన్నాడు.

ఫిబ్రవరి కోతలు మొదలయ్యే ముందురోజు గోకుల్ వచ్చాడు. చెప్పులు బయట విడిచి, సంచిలోంచి ఒక పచ్చపెట్టె తీసి బల్లమీద పెట్టాడు. అంబిక పెట్టెను తనవైపు తిప్పుకుంది. ముందువైపు రెండు మీటలున్నాయి. మూత లోపల ఒక కాగితం అతికించి ఉంది, ప్రోగ్రాం ఎక్కడ దొరుకుతుందో, ఎలా మార్చి ఎక్కించుకోవాలో రాసి ఉంది. లోపలికి వెళ్తే పాస్‌వర్డ్ అడగలేదు.

కంపెనీవాళ్ళు సొంతంగా రాయించాలని చూశారట, అవలేదట. ఈలోగా అరవై షెడ్లవాళ్ళు పెట్టెలు పీకి వెనక్కి పంపారు. ఇంత జరిగాక పెద్దమనిషి సరే అన్నాడని గోకుల్ నేలచూపులు చూస్తూ చెప్పాడు.

అంబిక కంప్యూటర్‌లో ఆ రాతనంతా తెరిచి, తప్పు దొరక్కపోతుందా అన్నట్టు వరసవరసా చదివింది. తను రాసిన చోట ఒక పదిహేను వరసలు మారి ఉన్నాయి. మళ్ళీ చదివింది. తెల్లవారుజామున ప్లాస్టిక్ ఒక మూల ముందే చల్లబడి మిగతావైపు వెచ్చగా ఉంటే తన ప్రోగ్రాం మోసపోతోంది. కెంపమ్మ చెప్పే తూర్పు మూల అదే. తను నాలుగు నెలలుగా పట్టుకోలేనిదాన్ని ఎవరో పట్టుకుని సరిచేశారు.

“ఇది ఎవురు రాసింది?”

“నేనే అక్కా. కెంపక్క దగ్గిర రెండు రోజులు ఉండి చూసినాను.”

ఈర్ష్య పుట్టిన మాట నిజం. అది దిగిపోయాక సంతోషం పొంగింది. తప్పు నాదే గోకుల్, బాగా పట్టినావు అంది. తన పేరు కింద వాడి పేరు తనే టైపు చేసింది. ఆ మారినదాన్ని తన పెట్టెలన్నిటిలో వేసుకోవాలి, ఇటియ్యి అని చెయ్యి చాపింది.

గోకుల్ పెన్‌డ్రైవ్ ఆమె చేతిలో పెట్టాడు. పెట్టి, రెండో కొస మాత్రం వదల్లేదు.

“దీంట్లో నేను రాసింది కూడా ఉండాది అక్కా. ఎవురడిగినా ఇయ్యాల. ఎవురికీ తాళం వెయ్యకూడదు. నువ్వైనా సరే. సరేనా?”

హనుమంతయ్య సోల్డరింగ్ ఆపి చూశాడు. అంబికకు పాత షెడ్డు చక్రం గుర్తొచ్చింది, తడిసిన ఆ చేతులు గుర్తొచ్చాయి.

“సరే,” అంది.

అప్పుడు వదిలాడు.